పరిశోధన వ్యాసంలో వాదన: కట్టడం ఎలా, విప్పి పరీక్షించడం ఎలా

యూనివర్సిటీలో చేరగానే అందరూ అడిగేది "నీ టాపిక్ ఏంటి?" అని. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగేది "ఇంతకీ మీరేం తేల్చారు?" అని. మధ్యలో నాలుగైదేళ్లు గడిచిపోతాయి. రెండో ప్రశ్నకు తడబడే థీసిస్‌లలో సమాచారానికి కొదవేమీ ఉండదు. పుస్తకాల జాబితా కూడా పొడుగ్గానే ఉంటుంది. కరువంతా వాదనకే.

ఒక మాట అనడం, దాన్ని ఎందుకు నమ్మాలో చూపడం, చూపిన ఆధారం నుంచి ఆ మాట ఎలా వస్తుందో విప్పి చెప్పడం: ఈ మూడూ కలిస్తే వాదన. మొదటి రెండూ దాదాపు అందరూ రాస్తారు. మూడోదాన్ని వదిలేస్తారు, తమకు తెలిసింది చదివేవాళ్లకూ తెలిసే ఉంటుందనుకుని. వ్యాసం కూలేది ఎక్కువగా అక్కడే కాబట్టి, ఇక్కడ కూడా ఎక్కువ చోటు దానికే ఇస్తాను.

నడిపించుకోవడానికి ఒక ఉదాహరణ కావాలి. తెలుగు సాహిత్య చరిత్రలో పాత చర్చ ఒకటి ఉంది: నన్నయకు ముందు తెలుగులో పద్యం ఉందా? మీది ఎకనామిక్స్ అయినా, జువాలజీ అయినా ఇబ్బంది లేదు. ఆ శాఖలకు దగ్గరి ఉదాహరణలు మధ్యలో వస్తాయి.

మొదటి మెట్టు: టాపిక్‌ని ప్రతిజ్ఞ చేయండి

"నన్నయకు ముందు తెలుగు సాహిత్యం" అనేది టాపిక్. దీన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే అది ఏమీ అనడం లేదు. చివర "ఒక పరిశీలన" అని తగిలిస్తే శీర్షిక పొడుగవుతుంది, అంతే.

ఇప్పుడు ఇది చూడండి: "నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే తెలుగులో దేశి (సంస్కృతం నుంచి తెచ్చుకోని) ఛందస్సులో పద్యం రాసే అలవాటు ఉంది." దీన్ని కాదనొచ్చు. "రెండు వందల ఏళ్లని ఎలా చెప్తావ్?" అనొచ్చు, "ఒక్క పద్యం దొరికితే అలవాటు అయిపోతుందా?" అనొచ్చు. విషయం తెలిసిన మనిషి కాదనడానికి వీలున్న వాక్యమే ప్రతిజ్ఞ. అలాంటి వాక్యం ఒక్కటి కాగితం మీద పడేదాకా మిగతా అధ్యాయాలు మొదలుపెట్టకండి.

వాక్యం కుదిరాక అందులోని మాటల హద్దులు గీయండి. పద్యం, కవిత్వం, కావ్యం, సాహిత్యం నాలుగూ ఒకటి కావు. మొదటి అధ్యాయంలో "పద్యం ఉంది" అని నిరూపించి, ఐదో అధ్యాయానికి వచ్చేసరికి "కాబట్టి నన్నయకు ముందే కావ్యాలున్నాయి, ఆయన ఆదికవి కాడు" అని తేల్చేసేవాళ్లున్నారు. దారిలో మాట జారిపోయిన సంగతి రాసినవాళ్లకు తెలియదు, చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఆదికవి అన్నప్పుడు మొదట పద్యం చెప్పినవాడు అని మీ ఉద్దేశమా, మనకు దొరికిన మొదటి మహాకావ్యం రాసినవాడు అనా? రెండో అర్థంలో అయితే శాసనంలో ఎన్ని పద్యాలు దొరికినా నన్నయ స్థానానికి వచ్చిన ముప్పేమీ లేదు.

రెండో మెట్టు: ఐదు వాక్యాల్లో కుదించండి

మన తర్కశాస్త్రంలో ఎదుటివాళ్లకు ఒక విషయాన్ని నిరూపించడానికి ఐదు అవయవాల పద్ధతి ఉంది: ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ (సూత్రం, దానికి తెలిసిన ఒక చోటు), ఉపనయం (ఆ సూత్రాన్ని మన విషయానికి వర్తింపజేయడం), నిగమనం (తేల్చిన మాట). సంస్కృత పాఠశాలల్లో ఇప్పటికీ తర్కానికి మొదటి పాఠంగా చెప్పే 'తర్కసంగ్రహం' రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సంస్కృతంలో సామెత కూడా ఉంది. ఆ పాఠంలో కొండ మీద నిప్పు ఉదాహరణ ఇలా నడుస్తుంది: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది.

మన వాదనను ఇందులో పెట్టి చూద్దాం.

ప్రతిజ్ఞ: 9వ శతాబ్దం నాటికే తెలుగులో దేశి పద్యం రాసే అలవాటు ఉంది.
హేతువు: ఎందుకంటే క్రీ.శ. 848 ప్రాంతానిదైన అద్దంకి శాసనంలో తరువోజ అనే దేశి ఛందస్సులో పద్యం ఉంది.
ఉదాహరణ: ఒక ఛందస్సు రాజోద్యోగి విజయాన్ని చెప్పే రాతి శాసనంలోకి ఎక్కిందంటే అంతకు ముందే అది వాడుకలో నలిగి ఉంటుంది. కాకతీయుల కాలపు శాసనాల్లో కనిపించే చంపకమాల, ఉత్పలమాలలు అప్పటికే కావ్యంలో స్థిరపడినవే.
ఉపనయం: అద్దంకి పద్యం కూడా అలాంటిదే. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను (బోయల స్థావరాలను) గెలిచిన సంగతి చెప్తుంది.
నిగమనం: కాబట్టి అప్పటికే అలవాటు ఉంది.

ఈ ఐదు వాక్యాలూ యథాతథంగా వ్యాసంలోకి వెళ్లవు. ఇది మీ నోట్‌బుక్ కోసం. మొదటి రెండు వాక్యాలూ టకటకా వచ్చేస్తాయి. మూడో దగ్గర పెన్ను ఆగుతుంది. ఆగాలి కూడా. హేతువు నుంచి ప్రతిజ్ఞకు దాటించే ఆ సూత్రం పేరు వ్యాప్తి. మీ వ్యాసంలో దాన్ని ఎక్కడా రాయలేదంటే, చదివేవాళ్లు తమకు తోచిన వ్యాప్తిని పెట్టుకుని చదువుతారు. అది మీకు అనుకూలంగానే ఉంటుందని నమ్మకం ఏమీ లేదు.

మూడో మెట్టు: వ్యాప్తిని మీరే పడగొట్టడానికి చూడండి

పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. తిప్పి "నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది" అంటే? తార్కికులు వెంటనే ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. అందులో నిప్పుంది, పొగ లేదు. మరి మిగతా చోట్ల పొగ ఎందుకొచ్చింది? కట్టె తడిగా ఉంది కాబట్టి. ఇలా చాటున ఉండి అసలు పని చేసే దాన్ని ఉపాధి అన్నారు. దానికి లెక్క కూడా ఇచ్చారు: తేల్చాల్సిన విషయం ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, మీరు చూపిన హేతువు ఉన్న ప్రతిచోటా ఉండదు. ఇవాళ స్టాటిస్టిక్స్ క్లాసులో మూడో చలరాశి గురించి ఎంత చెప్పినా, నాకైతే ఈ తడికట్టె చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు.

దీన్ని ఒక సోషల్ సైన్స్ పేరా మీద ప్రయోగిద్దాం. ఎడ్యుకేషన్, ఎకనామిక్స్ సెమినార్లలో తరచూ వినిపించే తరహా వాక్యమే: "మధ్యాహ్న భోజనం మొదలయ్యాక మా మండలంలో బడి హాజరు పెరిగింది. కాబట్టి హాజరు పెరగడానికి భోజనమే కారణం."

వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003లో మొదలైంది. అంతకు ముందు సంవత్సరం 2002లో దేశంలో పెద్ద కరువు. ఇప్పుడు ఆ మండలం పాలమూరు వైపు, వలస కుటుంబాలు ఎక్కువగా ఉన్న చోటు అనుకోండి. కరువు ఏడాది హాజరు తీసుకుని, తర్వాతి ఏళ్ల హాజరుతో పోలిస్తే, పెరిగిన దాంట్లో భోజనం వాటా ఎంత, పనికోసం వెళ్లిన కుటుంబాలు తిరిగి రావడం వాటా ఎంత? వలస ఇక్కడ తడికట్టె కావచ్చు.

"కావచ్చు" అని రాసి వదిలేస్తే ఇంటర్వ్యూల్లో చెప్పే డిప్లొమాటిక్ జవాబులా ఉంటుంది. పరీక్ష పెట్టాలి. మొదట్లో ఈ పథకం ప్రాథమిక తరగతులకే. అంటే అదే ఊళ్లో, ఒక్కోసారి అదే ఇంట్లో, నాలుగో తరగతి చెల్లెలికి భోజనం ఉంది, ఎనిమిదో తరగతి అన్నకు లేదు. కుటుంబం వలస నుంచి తిరిగొస్తే ఇద్దరి హాజరూ పెరగాలి. భోజనం వల్లే అయితే చెల్లెలి హాజరు ఎక్కువగా పెరగాలి. రెండు తరగతుల రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, మీ వాదన నిలుస్తుందో లేదో ఎవరో చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఉపాధిని ఊహించడం సగం పని. హేతువు ఉండి ఉపాధి లేని చోటును, లేదా ఉపాధి ఉండి హేతువు లేని చోటును వెతికి అక్కడ ఏం జరిగిందో చూడడం మిగతా సగం.

మళ్లీ నన్నయ దగ్గరికి వద్దాం. అద్దంకి ఒక్కటే చాలదనిపించి, కరీంనగర్ ప్రాంతంలోని కురిక్యాల శాసనాన్ని కూడా తెచ్చారనుకోండి. 10వ శతాబ్దం నాటి ఆ శాసనంలో మూడు తెలుగు కందాలున్నాయి. బలం పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ దాన్ని వేయించిన జినవల్లభుడు ఎవరు? కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. అదే శాసనంలో సంస్కృతం, కన్నడం కూడా ఉన్నాయి. కందం కన్నడ కవులు బాగా వాడిన ఛందస్సు. కాబట్టి "ఇవి తెలుగులో అప్పటికే ఉన్న అలవాటు నుంచి వచ్చాయి" అన్నదానికి పోటీగా "కన్నడ కావ్యాలు వచ్చిన ఇంట్లో మనిషి ఆ నమూనాతో తెలుగులోనూ చెప్పాడు" అన్న వివరణ నిలబడుతుంది. యుద్ధమల్లుడి బెజవాడ శాసనంలోని మధ్యాక్కరలను (అక్కర అనే దేశి ఛందస్సులో ఒక రకం) తెచ్చినా చిక్కు పూర్తిగా తీరదు, అక్కరలు కన్నడ ఛందస్సులోనూ ఉన్నాయి.

తరువోజ దగ్గర పరిస్థితి వేరు. రెండు ద్విపద పాదాలు కలిస్తే ఒక తరువోజ పాదం. ద్విపద తెలుగువాళ్ల సొంత నడక. కాబట్టి కాలంలో పాతది, మూడింటిలోకీ తక్కువ పద్యాలున్నది అయిన అద్దంకి శాసనమే ఈ ప్రతిజ్ఞను అన్నిటికంటే గట్టిగా మోస్తోంది. ఆధారాలను లెక్కపెట్టి పేర్చేవాళ్లు ఈ తేడా చూడలేరు. మూడు శాసనాలనూ ఒక వాక్యంలో కామాలతో కలిపేస్తే బలహీనమైన రెండూ బలమైనదాన్ని కిందికి లాగుతాయి.

నాలుగో మెట్టు: ఆధారం ఎక్కడ పుట్టిందో చూడండి

హాజరు రిజిస్టరు ఆధారమే. కానీ ఎంతమందికి హాజరు పడిందో అంతమందికి బియ్యం లెక్క వచ్చే ఏర్పాటు ఉన్నప్పుడు, ఆ రిజిస్టరు పథకాన్ని కొలిచే సాధనంగానే కాక పథకంలో భాగంగా కూడా మారిపోతుంది. పథకం వచ్చాక బడికి వచ్చే పిల్లలు పెరిగారా, రిజిస్టరులో హాజరు గుర్తులు పెరిగాయా? దీనికి రిజిస్టరు జవాబు చెప్పలేదు. పరీక్షకు కూర్చున్నవాళ్ల సంఖ్య లాంటి, బియ్యంతో సంబంధం లేని మరో లెక్క కావాలి.

ఇంకో మాట. మూడు సాహిత్య చరిత్రలు ఒకే తేదీ ఇస్తున్నాయని మూడు ఆధారాలు వచ్చినట్టు కాదు. రెండో పుస్తకం మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని చూసి రాసి ఉంటే మీ దగ్గరున్నది ఒక్కటే ఆధారం. ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి వెళ్లండి. శాసన పాఠం దాకా వెళ్లగలిగితే ఇంకా మంచిది.

ఐదో మెట్టు: "దొరకలేదు"ను "లేదు" చేయకండి

"నన్నయకు ముందు తెలుగులో కావ్యం లేదు" అని ధీమాగా రాస్తారు. మనకు తెలిసింది "దొరకలేదు" అని మాత్రమే. ఒక వస్తువు ఉండి ఉంటే మన కంటపడి తీరేది అని చూపగలిగినప్పుడే, కనబడకపోవడం ఆధారమవుతుంది. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళులు 6వ శతాబ్దం చివర వేయించిన తెలుగు శాసనం మిగిలింది, అది రాయి కాబట్టి. తాటాకు సంగతి వేరు. మన ఎండకూ తేమకూ చెదలుకూ తట్టుకుని వెయ్యేళ్లు ఉండదు, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ రాసుకుంటేనే మిగులుతుంది. ఎవరూ తిరగరాయని కావ్యం ఒకటి ఉండి పోయిందా, అసలు పుట్టనే లేదా అన్నది తాటాకు మౌనం నుంచి తేల్చలేం.

అలాగని "దొరకలేదు కాబట్టి ఉండే ఉంటుంది" అనడానికీ వీల్లేదు. అభిమానంతో రాసే వ్యాసాల్లో ఈ రెండో తప్పే ఎక్కువ.

ఆరో మెట్టు: పూర్వపక్షాన్ని దాని బలంతోనే రాయండి

పాత శాస్త్ర గ్రంథాల్లో సిద్ధాంతం చెప్పే ముందు పూర్వపక్షం ఉంటుంది. ఎదుటి వాదాన్ని ఎంత బాగా చెప్తారంటే, అదే రచయిత అభిప్రాయమేమో అనిపిస్తుంది. మనమేమో "కొందరు విమర్శకులు ఇలా అపోహ పడ్డారు" అని ఒక్క వాక్యంలో తోసేసి ముందుకెళ్తాం.

"ఒక్క పద్యం దొరికినంత మాత్రాన అలవాటు అనలేం, ఎవరో ఒక ప్రతిభావంతుడి ప్రయోగం కావచ్చు." ఇది అద్దంకి వాదన మీద రాగల మంచి ఆక్షేపణ. దీన్ని ఇలాగే, మీ ప్రత్యర్థి తలూపేలా రాయండి. తర్వాత జవాబు: శాసనం నలుగురికీ తెలియాల్సిన విషయం చెప్పేది, వినేవాళ్లకు బొత్తిగా కొత్తదైన నడకలో చెప్పడం దాని పనికి అడ్డం. జవాబు పూర్తిగా సరిపోలేదనిపిస్తే ఆ మేరకు ప్రతిజ్ఞను తగ్గించుకోండి. "అలవాటు స్థిరపడింది" అన్నది "అలవాటు ఉన్నట్టు కనిపిస్తోంది" అవుతుంది. దానివల్ల వ్యాసానికి పోయే పరువేమీ లేదు.

ఏడో మెట్టు: ఆధారం ఎంతవరకు వస్తే అంతవరకే అనండి

సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో పిగ్మెంటు ఉన్న కణాలు చూశాడు. లార్వా దశ నుంచి పెంచిన దోమలనే వాడాడు, అంతకు ముందు అవి ఎవరి రక్తమూ తాగలేదని చెప్పడానికి. దోమకూ మలేరియాకూ సంబంధం ఉందని ఆయనకు అప్పటికే గట్టి నమ్మకం. అయినా ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం శీర్షిక చూడండి, మన మాటల్లో: "మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనబడిన కొన్ని విచిత్రమైన పిగ్మెంటు కణాల గురించి." రెండు దోమలు, కనబడిన కణాలు, అంతే. దోమ కుడితే మలేరియా వస్తుందని అందులో లేదు.

ఎందుకు లేదో చూస్తే ఈ మెట్టు అర్థమవుతుంది. ఆ నిర్ణయానికి గొలుసులో నాలుగు లంకెలు కావాలి: పరాన్నజీవి దోమలోకి వెళ్లాలి, అక్కడ పెరగాలి, దోమ లాలాజల గ్రంథికి చేరాలి, కుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి సోకాలి. 1897 నాటి కణాలు మొదటిదానికీ, కొంతవరకు రెండోదానికీ ఆధారం. అప్పట్లో రాస్ గురువు మాన్సన్ ఊహ వేరే ఉండేది: దోమలు నీళ్లలో పడి చస్తాయి, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుంది అని. సికిందరాబాదు దోమ కడుపులో కనిపించిన కణాలు ఈ ఊహకూ సరిపోతాయి. రెండు వివరణలకూ సరిపోయే ఆధారంతో ఒకదాన్ని ఎంచుకోలేం. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి మిగతా లంకెలు పూర్తిచేశాడు, మనుషుల విషయంలో ఇటలీలో గ్రాసీ బృందం చూపింది. రాస్‌కు నోబెల్ వచ్చింది 1902లో.

మీ వాదనలోనూ లంకెలు విడిగా రాసుకోండి. ఒక్కోదాని పక్కన దాని ఆధారం రాయండి. ఖాళీగా ఉన్న లంకె ముందు మీ వాక్యం ఆగాలి.

తెలుగులో దీనికి ఒక చిన్న కీలకం ఉంది, చివర్లో తగిలే "ఏ". "భోజనం కారణం", "భోజనం ఒక కారణం", "భోజనమే కారణం". మూడోది మిగతా కారణాలన్నిటినీ కొట్టిపారేస్తోంది. మాట్లాడే ఊపులో వచ్చేస్తుంది కాబట్టి రాతలో గమనించం. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఈ "ఏ"లనూ, "మాత్రమే"లనూ, "అన్ని"లనూ వెతికి, ఒక్కోదాన్ని ఉంచాలా తీసేయాలా నిర్ణయించండి.

ఎనిమిదో మెట్టు: పేరా స్థాయిలో

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. పేరాకు ఒక పని, ఆ పనేంటో మొదటి వాక్యంలో తెలియాలి. "కాబట్టి" కనిపించిన ప్రతిచోటా ముందు వాక్యం నుంచి నిజంగా వస్తోందా అని చూడండి. చాలాసార్లు ఆ చోట "అంతేకాక" అన్నా అర్థం మారదు, అంటే అక్కడ వాదనే లేదన్నమాట.

కొన్ని మాటలు కొట్టేయండి: "అందరికీ తెలిసిందే", "అనడంలో ఎలాంటి సందేహం లేదు", "ఎందరో పండితులు అభిప్రాయపడ్డారు". మొదటిది నిజమైతే చెప్పక్కర్లేదు. రెండోది సందేహం ఉన్నచోటే వస్తుంది. మూడోదానికి పేర్లు, పేజీలు ఇవ్వండి, లేదా తీసేయండి.

వేరేవాళ్ల వ్యాసాన్ని తూచేటప్పుడు

వరసగా చదవకండి. ముందు ముగింపు చదివి ప్రతిజ్ఞ ఏంటో ఒక వాక్యంలో మీ మాటల్లో రాసుకోండి. తర్వాత ఆధారాలున్న అధ్యాయానికి వెళ్లండి. ఉపోద్ఘాతం చివర్లో. ఉపోద్ఘాతం ముందు చదివితే రచయిత ఊపులో కొట్టుకుపోతాం.

ఎక్కడ తప్పు వెతకాలో తార్కికులు ఐదు హేత్వాభాసాలుగా చెప్పారు. అసిద్ధం: హేతువు ఉందని తేలలేదు, లేదా అది ఉండాల్సిన చోటే లేదు. ఆకాశంలో పూసిన తామరకు సువాసన ఉందన్నట్టు. ఉదహరించిన పేజీ తీసి చూస్తే ఆ మాట అక్కడ ఉండదు. ముందు దీన్నే పరీక్షించండి, తక్కువ శ్రమతో తేలిపోతుంది. బాధితం: వేరే గట్టి ప్రమాణంతో ఇప్పటికే కొట్టుబడిన మాట. "నన్నయకు ముందు తెలుగు పద్యమే లేదు" అని ఇవాళ ఎవరైనా రాస్తే అద్దంకి శాసనం దాన్ని బాధిస్తుంది. సవ్యభిచారం: హేతువు మరీ వెడల్పు, అటూ ఇటూ కూడా సరిపోతుంది. "ఈ కవి ప్రజల గురించి రాశాడు కాబట్టి ప్రగతిశీల కవి" లాంటివి. ప్రజల గురించి రాయని కవి ఎవరు? విరుద్ధం: ఆధారం తిరగబడి ఎదుటి పక్షాన్నే బలపరుస్తుంది. ఇది అరుదు, పట్టుకుంటే మాత్రం వ్యాసం మొత్తం తిరగబడుతుంది. సత్ప్రతిపక్షం: అంతే బలమున్న హేతువు అవతలి వైపూ ఉంది. అప్పుడు రచయిత ఓడిపోయినట్టు కాదు, విషయం ఇంకా తేలలేదని మాత్రమే రాయాలి.

అభ్యంతరం రాసేటప్పుడు అది ఏ లంకె మీదో చెప్పండి. "వాదన బలహీనంగా ఉంది" అని మార్జిన్‌లో రాస్తే స్కాలర్‌కు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. "కురిక్యాల కందాలకు కన్నడ నమూనా కారణం కాదని ఎక్కడ చూపారు?" అని రాస్తే మర్నాడు లైబ్రరీలో ఏ బీరువా తెరవాలో తెలుస్తుంది. హేతువు తప్పయినంత మాత్రాన నిగమనం తప్పని కూడా రాయకండి. ఒక దారి మూసుకుపోయిందనే తేలింది, ఆ మాట వేరే ఆధారంతో నిజం కావచ్చు. రివ్యూ రిపోర్టుల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది, అందులోనూ రివ్యూ చేసేవాళ్లకు ఆ నిగమనం ముందే నచ్చనప్పుడు.